క్రిస్మస్ ఈవ్ క్యాండిల్ లైట్ ఆరాధన: పాటలు మనసుకు తాకాలంటే ఎట్ల పెట్టాలె?

హన్మకొండ_యూత్: అందరికీ వందనాలు. మాది హన్మకొండల చిన్న సంఘం, నూట యాభై మంది దాకా వస్తరు. కీబోర్డు, ప్యాడ్స్, డోలక్ అన్నీ ఉన్నయ్, సౌండ్ గూడ గట్టిగనే పెడ్తం. అయినా సంఘం నోరు మెదపదు, నిలబడి చూస్తరంతే. పాత రోజుల్ల కీర్తనలు పాడ్తుంటే కండ్లల్ల నీళ్లొచ్చేటియి అంటరు పెద్దలు. ఈసారి తెలుగుల సైలెంట్ నైట్ క్యారల్, రెండు కీర్తనలు, ఆఖరుకు ఒక స్పీడ్ పాట అనుకుంటున్నం. శ్రుతి, వరుస, లైట్లు ఎట్ల ఉండాలె?

కాజీపేట_కీబోర్డు: ముందు శ్రుతి దించండి తమ్ముడూ. సంఘం పాడకపోయేది భక్తి లేక కాదు, గొంతు అందక. సైలెంట్ నైట్ కింది షడ్జమం (స) నుంచి పై మధ్యమం (మ) దాకా పోతుంది. సి శ్రుతిలో వాయిస్తే చివరి లైన్లలో పై ఎఫ్ ఎక్కాలి, సగం మంది అక్కడే ఆగిపోతారు. ఏ శ్రుతిలో (A) పెడితే పై డి తోనే సరిపోతుంది. ఆఖరి స్వరం బాగా కిందికి పోయిందని లీడ్ పాడే అమ్మాయి అంటుంది. అననీయండి, ఆ పాట లీడ్ సింగర్ కోసం కాదు.

రెండోది, కీబోర్డులో దానంతటదే మోగే తాళం (ఆటో రిథమ్) ఆపేయండి. అది ఆరు దెబ్బల (6/8) పాట, డోలక్ ఉండాల్సిందే అంటే ఆరు మాత్రల దాద్రా తాళం, అదీ వేళ్లతో మెల్లగా. 1818 డిసెంబర్ 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్‌లో ఈ పాట మొదటిసారి వినిపించింది గిటారు మీదే. మీరూ మొదటి చరణం గిటారుతో పాడండి, రెండోదానికి కీబోర్డు కలపండి. మూడోదానికి వాయిద్యాలన్నీ ఆపి గొంతులే వదలండి. పక్కనున్నోళ్ల గొంతు చెవిన పడ్డప్పుడే పాట ప్రార్థన అవుతుంది. స్పీకర్ గట్టిగా మోగితే మనిషికి తన గొంతే వినబడదు, ఇంక పాడడం మానేస్తాడు.

ఒక్క జాగ్రత్త: వాయిద్యం లేకపోతే చరణం అయ్యేసరికి శ్రుతి అర స్వరం జారుతుంది. అప్పుడు కీబోర్డు మళ్లీ అందుకుంటే అపశ్రుతే. ఒక వేలితో షడ్జమం సన్నగా పట్టి ఉంచండి, లేదంటే చివరిదాకా ముట్టుకోవద్దు.

జనగామ_హార్మోనియం: కీర్తనల సంగతి వేరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట మీదనే రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, అది చూడకుండా కీబోర్డు మీద కార్డులు (ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు) వేస్తారు. మాయామాళవగౌళ రాగం కీర్తనకు సి శ్రుతిలో జి మేజర్ నొక్కారనుకోండి, కార్డులోని డి, పాటలోని డి ఫ్లాట్ ఒకేసారి మోగి చెవులు గిల్లుతాయి. తెలియని రాగమైతే స, ప రెండే పట్టి ఉంచండి, చాలు. ఇంకోటి, యూత్ వాళ్లు ఆది తాళం (ఎనిమిది దెబ్బల) కీర్తనను స్పీడ్ బీట్ మీద ఉరికిస్తారు. ఊపిరికి చోటుండదు, మాటలు మింగేస్తారు. మాట అర్థం కాని కీర్తనకు కన్నీళ్లెక్కడి నుంచి వస్తాయి?

ఫాతిమానగర్_ఆల్టో: వరుస గురించి. మా కతోలిక సంఘాల్లో క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు నాలుగు ఆదివారాలూ మహిమ గీతం (గ్లోరియా) పాడం. క్రిస్మస్ రాత్రి పూజలో మళ్లీ ఎత్తుకుంటాం, గంటలు కూడా మోగిస్తాం. అన్నాళ్లు ఆపినందుకే ఆ రాత్రి ఒళ్లు పులకరిస్తుంది. మీరు డిసెంబర్ ఒకటి నుంచే అన్ని పాటలూ పాడేస్తే ఈవ్ నాటికి మిగిలేదేముంది? ఒకటి దాచిపెట్టండి. స్పీడ్ పాట సైలెంట్ నైట్‌కు ఆనించి పెట్టొద్దు, మధ్యలో యేసు పుట్టిన కథ ఉన్న లూకా సువార్త 2వ అధ్యాయం చదివించి రెండు నిమిషాలు మౌనం ఇవ్వండి.

లైట్లు మూడో చరణానికే ఆపండి. చీకట్లో పుస్తకం కనబడదు కాబట్టి అక్కడ మొదటి చరణాన్నే మళ్లీ పాడించండి, అది అందరికీ నోటికి వస్తుంది. ఫ్యాన్లు ముందే బంద్ చేయాలి. కొవ్వొత్తి పేపర్ కప్పుకు గుచ్చితే మైనం చేతి మీద పడదు.

హన్మకొండ_యూత్: మస్తు ఉపయోగం అక్కా. గల్ఫ్‌ల ఉన్నోళ్లను వీడియో కాల్‌ల పాడిపియ్యచ్చా?

కాజీపేట_కీబోర్డు: కలిసి పాడించలేరు, కాల్‌లో ధ్వని ఆలస్యంగా వస్తుంది, రెండో లైనుకే గందరగోళం. వాళ్ల మైకు మ్యూట్ చేయించి, ఫోను స్పీకర్ దగ్గర కాకుండా సంఘం మధ్యలో పెట్టండి, ఇంటోళ్ల గొంతులు వినబడతాయి. మనకు రాత్రి పన్నెండైతే దుబాయ్‌లో పదిన్నర, సౌదీలో తొమ్మిదిన్నర. డ్యూటీ ఎప్పుడు దిగుతారో ముందే అడిగి పెట్టుకోండి.