రాత ముందుకు సాగనప్పుడు లేచి నడవడం పనిలో భాగమేనా?

ప్రశ్న: పరిశోధక విద్యార్థి, అంబాజీపేట దగ్గర

అందరికీ నమస్కారం. డెల్టా కాలువల నీటి పంపకంపై పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం రాస్తున్నాను. సమాచార సేకరణ పూర్తయింది కానీ, 3వ అధ్యాయం దగ్గర మూడు వారాలుగా కదలిక లేదు. ఉదయం 8 గంటలకు కూర్చుని భోజనాల వేళకు ఒక పేరా రాస్తాను, సాయంత్రానికి దాన్నీ కొట్టేస్తాను. కాలువల చివరనున్న శివారు భూములకు నీరందకపోవడానికి గల కారణాలను ఏ వరుసలో చెప్పాలన్నదే తేలడం లేదు.

మొన్న విసుగెత్తి కాలువ గట్టు వెంట లాకుల దాకా నడిచి తిరిగి వస్తుండగా, ఆ కారణాలను ప్రాధాన్యం ప్రకారం పేర్చే బదులు నీరు ప్రయాణించే దారినే పట్టుకుని, ప్రధాన కాలువ దగ్గర మొదలుపెట్టి పంట బోదె దాకా చెప్పుకుంటూ పోవచ్చు కదా అని తట్టింది. ఇది కాకతాళీయమా, లేక నడకకూ ఆలోచనకూ నిజంగా సంబంధం ఉందా? మా నాన్నగారి దృష్టిలో కుర్చీలోంచి లేచినవాడు పని ఎగ్గొట్టినవాడే కనుక, ఆయనకు చెప్పడానికైనా సరైన సమాధానం కావాలి.

జవాబు: గణిత అధ్యాపకుడు, రామచంద్రపురం

బాబూ, మీ అనుభవం కొత్తది కాదు. ఫ్రెంచి గణితవేత్త హెన్రీ పాంకరే ఒక సమస్యపై పదిహేను రోజులు బల్ల ముందు కూర్చుని కుస్తీ పట్టి, కొంత సాధించి, ఆ తరువాత ఊరు వదిలి ఒక భూగర్భశాస్త్ర యాత్రకు వెళ్లాడు. లెక్కల సంగతి పూర్తిగా మరచిపోయిన ఆ ప్రయాణంలో, కూతాన్స్ అనే ఊళ్లో బండి మెట్టుపై కాలు పెట్టిన క్షణంలో అసలు కీలకం ఆయనకు స్ఫురించింది. 1908లో ఈ సంగతి స్వయంగా చెబుతూ ఆయన ఒక షరతు కూడా పెట్టాడు: అలాంటి స్ఫురణకు ముందు మనం తెలిసి చేసిన శ్రమ ఉండాలి, తరువాత దాన్ని సరిచూసుకునే శ్రమా ఉండాలి. మీ నాన్నగారికి ముందుగా చెప్పవలసినది ఈ షరతే. మూడు వారాలు కూర్చున్నారు కనుకనే గట్టు మీద తట్టింది. ఏమీ చదవకుండా నడిస్తే కాళ్ల నొప్పులు తప్ప మరేమీ మిగలదు.

ఐరిష్ గణితవేత్త విలియం హామిల్టన్‌కు క్వాటర్నియన్ల (నాలుగు భాగాలుండే ఒక రకం సంఖ్యల) సూత్రం తట్టినది కూడా కాలువ గట్టు మీదనే. 1843 అక్టోబరు 16న భార్యతో కలిసి డబ్లిన్‌లోని రాయల్ కెనాల్ వెంట నడుస్తూ, ఆ సూత్రాన్ని అక్కడి వంతెన రాతిపై చెక్కాడు. అప్పటికి మన ధవళేశ్వరం ఆనకట్ట పనులు ఇంకా మొదలు కాలేదు, అవి 1847లో కదా ప్రారంభమయ్యాయి!

విరామం ఎందుకు పనిచేస్తుందన్నదానికి నాకు నచ్చిన వివరణ ఒకటుంది. 1942లో లూచిన్స్ అనే మనస్తత్వవేత్త, మూడు కుండలతో కావలసినంత నీరు కొలవాలనే లెక్కలు వరుసగా ఇచ్చాడు. మొదటి లెక్కలన్నీ ఒకే చుట్టుదారి పద్ధతిలో తేలేవి. దానికి అలవాటు పడినవారిలో చాలామంది, తరువాత ఎదురైన సులువైన లెక్కను కూడా ఆ పొడవాటి పద్ధతిలోనే చేశారు. తప్పు దారి కాళ్లకు అలవాటైతే మంచి దారి పక్కనే ఉన్నా కనబడదు. ఆ పాత దారిని కొంత మరచిపోయే వ్యవధి ఇవ్వడమే విరామం చేసే మేలు అని నా అభిప్రాయం.

జవాబు: ఫిజియోథెరపిస్టు, భీమవరం

మాస్టారు విరామం గురించి చెప్పారు, నేను నడక గురించి చెబుతాను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒపెజ్జో, ష్వార్ట్జ్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగాలలో, ఒక వస్తువును ఎన్ని కొత్త విధాలుగా వాడవచ్చో చెప్పమన్నప్పుడు, కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు ఎక్కువమందికి ఎక్కువ ఊహలు వచ్చాయి. ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్‌పై నడిచినా ఆ మేలు కనిపించింది. మరో ప్రయోగంలో కొందరిని చక్రాల కుర్చీలో ఆరుబయట తిప్పారు. చుట్టూ దృశ్యాలు మారుతున్నా, సొంత కాళ్లపై నడిచినవారితో వారు సమానం కాలేకపోయారు. అంటే కొబ్బరి తోటల అందం ఒక్కటే చాలదు, శరీరం కదలాలి. నడిచి వచ్చి కూర్చున్నాక కూడా ఆ ఊపు కొంతసేపు నిలిచింది కనుక, తిరిగి రాగానే ఫోను తెరవకుండా కాగితం అందుకోండి.

ఆ ప్రయోగాలలో నడక కొద్ది నిమిషాలదే, కాబట్టి లాకుల దాకా వెళ్లే తీరిక లేని రోజున పెరట్లో పది నిమిషాలు తిరిగినా సరిపోతుంది. మే నెల ఉక్కపోతలో మధ్యాహ్నం గట్టెక్కమని మాత్రం నేను చెప్పను. అప్పుడు వసారాయే మేలు.

జవాబు: బియ్యం మిల్లు లెక్కలు చూసేవాడు, తణుకు

భీమవరం అమ్మగారు ఒక సంగతి వదిలేశారు. ఆ పరిశోధనలోనే, ఒకే ఒక్క సరైన జవాబు వెతకవలసిన ప్రశ్నలలో నడక తోడ్పడలేదు, పైగా ఫలితం కొంచెం తగ్గింది. నా అనుభవమూ అంతే. చిట్టాకూ బ్యాంకు ఖాతాకూ రూ. 540 తేడా వచ్చిన రాత్రి మిల్లు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను; తేడా అక్కడే ఉంది. తెల్లవారాక గుమాస్తా చేత అంకెలు పైకి చదివించుకుంటూ సరిచూస్తే, 820ని 280గా ఎక్కించినట్టు పది నిమిషాల్లో బయటపడింది. కాబట్టి అధ్యాయానికి వరుస కావాలంటే నడవండి, పట్టికలో మొత్తాలు కలవకపోతే మరొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.

ప్రశ్న అడిగినవాడిని: పది రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. ఉదయం గంటన్నర రాసి, ఆగిపోయిన చోట చిక్కు ఏమిటో ఒక్క వాక్యంలో రాసి పెట్టి, ఫోను ఇంట్లోనే వదిలి నడుస్తున్నాను. అన్ని నడకలూ ఫలించలేదు, రెండు రోజులు కేవలం చెమట పట్టింది. అయినా అధ్యాయంలో 14 పుటలు తయారయ్యాయి. తణుకు వారి మాట పట్టుకుని, ఆయకట్టు పట్టికలను మా చెల్లెలితో కలిసి సరిచూశాను. రెండు తప్పులు దొరికాయి.

పాంకరే కథ విని నాన్నగారు ఏమీ అనలేదు. ఇప్పుడు నేను లేవగానే, ఎలాగూ అటే వెళుతున్నాను కనుక కొబ్బరి దింపు వాళ్లు ఎప్పుడు వస్తారో కనుక్కుని రమ్మంటున్నారు. ఆ మాట అడగడం ఇప్పటికి రెండుసార్లు మరచిపోయి వచ్చాను.