అంటార్కిటికా నీళ్లలో చేపల వేట ఆపేస్తేనే ఆల్బట్రాస్‌లు బతుకుతాయా?

ఉప్పుగాలి:
నా వరకు సమాధానం అవుననే. టూత్‌ఫిష్ కోసం వేల గాలాలున్న లాంగ్‌లైన్ తాళ్లు వదులుతారు. ఎర మునిగేలోపు పక్షి వచ్చి మింగుతుంది, గాలానికి చిక్కి తాడుతో పాటే నీళ్లలోకి పోతుంది. 1997లో ఒక్క సౌత్ జార్జియా (దక్షిణ అట్లాంటిక్‌లో ఒక దీవి) చుట్టుపక్కలే, అదీ లైసెన్సున్న పడవలకే, 5,700కు పైగా పక్షులు బలయ్యాయని అంచనా. వాండరింగ్ ఆల్బట్రాస్ రెండేళ్లకోసారి ఒకే ఒక్క గుడ్డు పెట్టే పక్షి. ఖరీదైన హోటళ్లలో వడ్డించే చేప కోసం ఇదంతా ఎందుకు? వేట ఎలా జరుగుతోందో చూసి రిపోర్టు రాసే అబ్జర్వర్‌ని పడవకొకర్ని ఎక్కించడం కంటితుడుపు. వేటే ఆపాలి.

లంగరు:
1997 లెక్క చెప్పి అక్కడే ఆగిపోతే ఎలా అండి? తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా. హోబార్ట్‌లో ఉండే దక్షిణ ధ్రువ సముద్ర జీవుల కమిషన్, అందరూ కామ్లార్ అంటారే, అది రూల్స్ బిగించింది. పక్షులు పిల్లల్ని పెంచే వేసవిలో వేట బంద్, శీతాకాలంలోనే అనుమతి. తాళ్లు రాత్రిపూటే వదలాలి. ఎర త్వరగా మునగడానికి తాడుకు బరువులు కట్టాలి. పడవ వెనక రంగు పీలికలు వేలాడే తాడు కట్టి పక్షుల్ని బెదరగొట్టాలి. తాడు వదిలే సమయంలో చేప తలలు, పేగులు సముద్రంలో పారేయకూడదు. మూడేళ్లు తిరిగేసరికి అదే సౌత్ జార్జియాలో లెక్క వేలల్లోంచి పదుల్లోకి దిగింది. వేట ఆగలేదు, చావులు దాదాపు ఆగాయి. ఆ రూల్స్ అమలవుతున్నాయో లేదో చూసి రాసింది మీరు కంటితుడుపు అన్న అబ్జర్వర్లే.

ఉప్పుగాలి:
మరి సౌత్ జార్జియా దగ్గర బర్డ్ ఐలాండ్‌లో ఆ పక్షులు ఇంకా ఎందుకు తగ్గిపోతున్నాయి? ఇంకో సంగతి. అబ్జర్వర్ తాడు పైకి లాగేటప్పుడు కొన్ని గాలాలనే చూడగలడు. నీళ్లలోనే గాలం నుంచి జారిపోయిన పక్షి ఎవరి లెక్కలోకీ రాదు. పైగా నెలల తరబడి నడిసముద్రంలో, ఎవరి మీద రిపోర్టు రాయాలో వాళ్లు పెట్టిన తిండే తింటూ ఉంటాడు. ఆ టెన్షన్‌లో ఉన్నది ఉన్నట్టు రాయడం అందరి వల్లా అవుతుందా?

గుండుసూది:
మధ్యలో దూరుతున్నా. పక్షులకే కాపలా డ్యూటీ వేసిన పరిశోధన ఒకటి 2020లో వచ్చింది. క్రోజె, కెర్గెలెన్, ఆమ్‌స్టర్‌డామ్ దీవుల ఆల్బట్రాస్‌లకు రాడార్‌ను పసిగట్టే చిన్న పరికరాలు కట్టి వదిలారు. అంతర్జాతీయ జలాల్లో వాటికి ఎదురైన ఓడల్లో మూడో వంతుకు పైగా, తామెక్కడున్నామో చెప్పే ఏఐఎస్ సిగ్నల్ ఇవ్వడం లేదు. సిగ్నల్ ఆపిన ప్రతి ఓడా దొంగదని కాదు, కానీ అది ఎవరికీ కనబడదన్నది మాత్రం నిజం.

లంగరు:
ఉప్పుగాలి గారూ, బర్డ్ ఐలాండ్ సంగతికి జవాబు అక్కడి నీళ్లలో దొరకదు. ఈ పక్షులు మేతకు వేల కిలోమీటర్లు పోతాయి, ఆడవి ఇంకా ఉత్తరానికి వెళ్తాయి. అక్కడ ట్యూనా లాంగ్‌లైన్ పడవలుంటాయి, అవి కామ్లార్ పరిధిలోకి రావు. హిందూ మహాసముద్రం ట్యూనా కమిషన్‌నే తీసుకోండి. రాత్రి వేయడం, బరువులు, పీలికల తాడు లాంటి జాగ్రత్తల్లో కొన్ని 25 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి కింద తప్పనిసరే. కానీ అబ్జర్వర్లు? కామ్లార్‌లో టూత్‌ఫిష్ పడవలన్నిటి మీదా ఉంటారు. ఇక్కడ పెద్ద పడవలు తాళ్లు వేసేవాటిలో కనీసం 5 శాతానికి అబ్జర్వర్ ఉంటే చాలంటారు. మిగతా 95 శాతానికి కెప్టెన్ రాసిందే వేదం. మన దేశానికి రెండు కమిషన్లలోనూ సభ్యత్వం ఉంది. అరవాలంటే ఈ 5 శాతం మీద అరుద్దాం.

ఇక దక్షిణాన నిషేధం పెడితే లైసెన్సున్నవాళ్లు మాత్రమే వెళ్లిపోతారు. దొంగ పడవలు కాదు. దొంగతనంగా టూత్‌ఫిష్ పట్టే థండర్ అనే పడవను 110 రోజులు వెంటాడింది ఏ ప్రభుత్వ ఓడా కాదు, ఒక స్వచ్ఛంద సంస్థ ఓడ. చివరికి 2015 ఏప్రిల్‌లో సావో టోమే దగ్గర అది మునిగింది. అంటార్కిటికా నీళ్లలో దొంగల్ని చూసి కబురు చెప్పేవాళ్లలో లైసెన్సు పడవలవాళ్లూ ఉంటారు.

చిన్నప్రశ్న:
క్రిల్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు) సంగతి ఎవరూ ఎత్తలేదేం? కామ్లార్ 2024 సమావేశంలో క్రిల్ వేటను ప్రాంతాలవారీగా విడగొట్టే రూల్ గడువు తీరిపోయింది, ఏకాభిప్రాయం లేక పొడిగించలేదు. 2025లో 6,20,000 టన్నుల పరిమితి సీజన్ మధ్యలోనే నిండి, ఆగస్టులో వేట మూసేశారు. పెంగ్విన్ల తిండి అది. ఒక్క దేశం అడ్డుపడినా ఆగిపోయే పద్ధతి మీద మీకు అంత నమ్మకమేంటి లంగరు గారూ?

లంగరు:
పద్ధతి మీద కాదండి, టూత్‌ఫిష్ పడవల మీద చేసి చూపించిన పని మీద. క్రిల్ విషయంలో మీ కోపం న్యాయమే, దానికి వేరే టాపిక్ పెట్టండి, నేనూ వస్తా.

ఉప్పుగాలి:
నిషేధం అన్న మాట నేను వెనక్కి తీసుకోను. ట్యూనా పడవల మీద 5 శాతం పెరగాలన్న దానికి మాత్రం ఎదురు చెప్పను. మనుషులు చాలకపోతే కెమెరాలు పెడతాం అంటారు చూడండి, అక్కడే నా అనుమానం. ఆ ఫుటేజీ చూసేది ఎవరు? పడవ జెండా ఏ దేశానిదో ఆ దేశం ఆఫీసే చూసి, అదే మార్కులేసుకుంటే నేను ఒప్పుకోను. లంగరు గారు దీనికి జవాబు చెప్పాలి.