జీతంలో కోసే 6.2 శాతం, అభ్యర్థుల పాత మాటలు: కొత్తవాడి సందేహం

ఇర్వింగ్, టెక్సాస్ నుంచి (2024 మార్చి):

అందరికీ నమస్కారం. గత అక్టోబరులో హెచ్-1బీ మీద వచ్చాను. మాది కాజీపేట, నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఈ గ్రూపులో ఇదే నా మొదటి సందేశం, తెలియక ఏదైనా తప్పుగా అడిగితే మన్నించండి.

మా ఆఫీసులో భోజనాల బల్ల దగ్గర ఇద్దరు పెద్దవాళ్లు రోజూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఇద్దరికీ రిటైర్మెంటు దగ్గరపడింది. మొన్న సోమవారం ట్రంప్ సీఎన్‌బీసీ ఇంటర్వ్యూలో సోషల్ సెక్యూరిటీ, అంటే ఇక్కడి ప్రభుత్వ వృద్ధాప్య పింఛను లాంటి వాటి గురించి కోత అనే మాట వాడినప్పటి నుంచి అక్కడ ఎవరికీ ముద్ద దిగడం లేదు. ఒకాయన ఆ ముక్క వినిపించగానే రెండో ఆయన ఫోను తీసి 1995లో బైడెన్ సెనేట్‌లో మాట్లాడిన వీడియో పెడతారు. నిన్న ఉన్నట్టుండి ఇద్దరూ నా వైపు తిరిగి, నువ్వూ కడుతున్నావు కదా, నువ్వేమంటావు అన్నారు. పులిహోర డబ్బా మూత పెట్టుకుని నవ్వి ఊరుకున్నాను.

ఇంటికి వచ్చి పే స్లిప్ తీసి చూశాను. రెండు వారాల జీతం 3,461.54 డాలర్లు. ఓఏఎస్‌డీఐ అనే వరుసలో 214.62 పోతోంది, మెడికేర్ అని, వృద్ధుల ఆరోగ్య బీమాకట, ఇంకో 50.19. ఆ పెద్ద మొత్తమే సోషల్ సెక్యూరిటీ అని ఇప్పుడే తెలిసింది. నా ప్రశ్నలు మూడు. ఈ డబ్బు నాకు ఎప్పటికైనా వస్తుందా? ఆ ఇద్దరిలో ఎవరి మాట నిజం? వాళ్లలో ఒకాయన తమ అభ్యర్థికి ఇరవై డాలర్లు విరాళం ఇమ్మని లింకు పంపారు, ఇవ్వవచ్చా?


ఫ్రీమాంట్, కాలిఫోర్నియా నుంచి:

తమ్ముడూ, మూడోదానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఈ రాత్రే నొక్కేస్తావేమోనని భయం. ఇవ్వకు. అమెరికా ఎన్నికల్లో విదేశీయులు విరాళం ఇవ్వడం చట్టవిరుద్ధం. గ్రీన్ కార్డు ఉన్నవారికి మినహాయింపు ఉంది, హెచ్-1బీ వాళ్లకు లేదు. ఇరవై డాలర్లయినా అంతే. పెద్దాయన నొచ్చుకోకుండా, నాకు ఇంకా ఆ హక్కు లేదండీ అని చెప్పు. ఆయనకూ తెలిసి ఉండదు.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నావా? ఆ దరఖాస్తులో ఓటరుగా నమోదు చేయమంటారా అని ఒక గడి ఉంటుంది. కౌంటరులో కూర్చున్న వ్యక్తి కూడా గబగబా అడిగేస్తారు. మనవాళ్లు అన్నింటికీ తలూపుతారు. మాకు తెలిసిన ఒకాయన అలాగే తలూపి, పన్నెండేళ్ల తరువాత పౌరసత్వం దరఖాస్తు నింపుతూ, మీరు ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయారు. ఒక్కసారి కూడా ఓటు వేసిన మనిషి కాదు. లాయరు చుట్టూ తిరగడానికే ఏడాది పట్టింది. పౌరుడిని కాకుండానే పౌరుడినని చెప్పుకుంటే 1996 చట్టం ప్రకారం దేశం నుంచి పంపించేయవచ్చు, మళ్లీ రానివ్వకపోవచ్చు. ఆ గడి ఖాళీగా వదిలేయి.

ఇక డబ్బు సంగతి. నేను పన్నుల పని చేస్తాను కాబట్టి లెక్క చెబుతాను. పింఛను రావాలంటే 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగుకు మించి రావు, అంటే కనీసం పది సంవత్సరాలు. 2024 లెక్కలో 1,730 డాలర్ల సంపాదనకు ఒక క్రెడిట్. 6,920 దాటితే నాలుగూ నీవే. నువ్వు అక్టోబరులో చేరినా, ఆ మూడు నెలల జీతంతోనే 2023కు నాలుగూ వచ్చేసి ఉంటాయి.

పదేళ్లు నిండకుండా వెళ్లిపోతే మాత్రం ఒక్క సెంటు తిరిగి రాదు. భారత్‌కు జర్మనీ, కెనడా, ఆస్ట్రేలియాలతో సామాజిక భద్రత ఒప్పందాలు ఉన్నాయి, అమెరికాతో లేదు. ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. పదేళ్లు నిండాక వెళ్తే హన్మకొండలో కూర్చుని కూడా పింఛను తీసుకోవచ్చు, కాకపోతే అక్కడ ఉండే విదేశీయులకు పన్ను కింద 25.5 శాతం పట్టుకుని ఇస్తారు.

35 ఏళ్ల సంపాదన సగటు మీద లెక్క కడతారు. పదేళ్లే చేస్తే మిగతా ఇరవై అయిదింటికీ సున్నాలు పడతాయి. అయినా తక్కువ సగటు ఉన్నవాళ్ల వైపు ఈ సూత్రం మొగ్గు చూపుతుంది. నీ జీతం మీద సరిగ్గా పదేళ్లు చేసి ఆపేస్తే, 2024 లెక్కలో నెలకు దాదాపు 1,360 డాలర్లు వస్తుంది, పూర్తి పింఛను ఇచ్చే వయసు నిండాక. ఆ పూర్తి వయసు ఎంత అన్నదే రాజకీయం. అది ఎడిసన్ బాబాయి గారు చెబితే బాగుంటుంది.


ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

నాయనా, నీ బల్ల దగ్గర ఇద్దరూ ఉన్న మాటే చెబుతున్నారు. అందుకే ఆ పంచాయితీ తెగడం లేదు.

1995 జనవరిలో బైడెన్ సెనేట్‌లో అన్నది ఇది: ఫెడరల్ ఖర్చును పెరగకుండా ఉన్నచోటే ఆపేద్దామని తాను అన్నప్పుడు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, మాజీ సైనికులకు ఇచ్చేవి అన్నీ కలిపే అన్నానని. 1984లో కూడా మరికొందరు సెనేటర్లతో కలిసి ఏడాదిపాటు ఖర్చు పెరగకుండా ఆపే ప్రతిపాదన తెచ్చారు. 2020 మార్చిలో జరిగిన చర్చలో, అప్పుడు డెమొక్రాటిక్ అభ్యర్థిత్వం కోసం బైడెన్‌తో పోటీపడుతున్న శాండర్స్ ఈ పాత చిట్టా విప్పారు. ప్రేక్షకులు లేని స్టూడియోలో ఇద్దరు ముసలివాళ్లు దూరదూరంగా నిలబడి పాతికేళ్ల కిందటి మాట మీద పోట్లాడుకున్నారు. కోత గురించి అనలేదని బైడెన్, అన్నారని శాండర్స్.

ఆపడం వేరు, కోయడం వేరు అంటారు. ఈ తేడా మీ నాన్నగారిని అడుగు. 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా కేంద్రం డీఏ, డీఆర్ (ఉద్యోగులకు, పింఛనుదార్లకు ఇచ్చే కరవు భత్యం పెంపు) మూడు విడతలు నిలిపివేసింది. ఆయన మూల పింఛనులో పైసా తగ్గలేదు. కందిపప్పు ధర మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. ఆ పద్దెనిమిది నెలల బకాయి ఇవ్వబోమని చెప్పేశారు కూడా. దాన్ని ఆయన ఏమని పిలుస్తారో, 1995 ప్రసంగాన్నీ అలాగే పిలుచుకో.

ట్రంప్ చిట్టా కూడా తక్కువది కాదు. 2000లో తన పేరుతో వచ్చిన పుస్తకంలో దీన్ని పోంజీ స్కీము అన్నారు, అంటే మన గొలుసుకట్టు వ్యాపారం లాంటిదని. వయసు డెబ్బైకి పెంచాలన్నారు. 2016 నాటికి ముట్టుకోనే ముట్టుకోనన్నారు. మొన్న సోమవారం, కోత విషయంలో చేయగలిగింది చాలా ఉంది అన్నట్టు మాట్లాడారు. ఆయన మనుషులు వెంటనే వచ్చి దుబారా గురించి అన్నారని సర్దారు. మీ టెక్సాస్ గవర్నరుగా ఉన్న రిక్ పెర్రీ 2011లో అదే పోంజీ మాట అని, రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోసం తనతో పోటీలో ఉన్న రామ్నీకి దొరికిపోయారు. 1964 అధ్యక్ష ఎన్నికల్లోనైతే ప్రత్యర్థి గోల్డ్‌వాటర్ మీద జాన్సన్ వాళ్లు టీవీ ప్రకటన వేశారు: రెండు చేతులు ఒక సోషల్ సెక్యూరిటీ కార్డును చించుతూ కనిపిస్తాయి. అరవై ఏళ్లుగా ఇదే ఆట.

ఇప్పుడు నా కథ విను. 1981 మేలో రీగన్ ప్రభుత్వం, 62 ఏళ్లకే పింఛను తీసుకునేవాళ్లకు ఇచ్చేది బాగా తగ్గిస్తామని బాహాటంగా ప్రకటించింది. సెనేట్ 96–0తో తిప్పికొట్టింది. సొంత పార్టీవాళ్లు కూడా ఒక్కరు నిలబడలేదు. రెండేళ్లు తిరగకముందే, ఆర్థికవేత్త గ్రీన్‌స్పాన్ అధ్యక్షుడిగా ఒక కమిషన్ కూర్చుని, రెండు పార్టీలూ చేతులు కలిపి, 1983 ఏప్రిల్ 20న అదే రీగన్ చేత సంతకం పెట్టించాయి. పూర్తి పింఛను వయసు 65 నుంచి 67కు మెల్లమెల్లగా పెరగాలి. ఎంత మెల్లగా అంటే, ఆ పెంపు 2000 వరకు మొదలే కాలేదు. అప్పటికే పింఛను తీసుకుంటున్న ఏ ముసలాయన వయసూ మారలేదు. కోపం రావలసినవాళ్లు ఇంకా కాలేజీల్లో, కొందరు ఉయ్యాలల్లో ఉన్నారు.

నేను 1957లో పుట్టాను. నా పూర్తి వయసు 66 ఏళ్ల ఆరు నెలలు. మా ఆవిడది 1960, ఆమెకు 67. పాత పద్ధతిలో 62కే తీసుకుంటే 80 శాతం వచ్చేది, నాకైతే 72.5, ఆమెకు 70. నా పింఛను తగ్గించే చట్టం మీద సంతకం అయిన రోజున నేను బాపట్లలో ఉన్నాను. నాకు అప్పటికి పాస్‌పోర్టు కూడా లేదు. ఆ మరుసటి ఏడాది వచ్చాను.

అందుకని అభ్యర్థి పాత వీడియోలో ఏమన్నాడో వినడంతో పాటు, ఎవరికి వర్తిస్తుందన్నాడో విను. ఇప్పుడు తీసుకుంటున్నవారి జోలికి పోము అని ఎవరైనా అంటే ఆ మాట నీ బల్ల దగ్గరి పెద్దవాళ్లకు ఓదార్పు, నీకు నోటీసు. రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోసం ట్రంప్‌తో పోటీపడిన నిక్కీ హేలీ నిన్నమొన్నటి దాకా ఇరవైల్లో ఉన్నవారికి వయసు పెంచాలని దాపరికం లేకుండానే చెప్పింది. నీకెన్నేళ్లు?

ఇంకో సంగతి. పథకం నిర్వాహకుల 2023 నివేదిక ప్రకారం రిటైర్మెంటు నిధిలోని నిల్వ 2033కు అయిపోతుంది. అప్పటికి ఏమీ చేయకపోతే వచ్చే పన్నుతో 77 శాతం చెల్లించగలరు. సున్నా కాదు, 77. అంతా మునిగిపోయిందని నీ స్నేహితులు ఎవరైనా అంటే ఆ అంకె చెప్పు. పూడ్చే దారులు కూడా తెలిసినవే: పన్ను పెంచడం, 2024లో 168,600 డాలర్ల జీతం దగ్గర ఆగిపోయే పన్ను పరిమితిని ఎత్తేయడం, వయసు పెంచడం. మొదటి రెండు చెబితే ఒక పార్టీకి, మూడోది చెబితే అందరికీ ఓట్లు పోతాయి.


అట్లాంటా, జార్జియా నుంచి:

బాబాయి గారూ, మీరంటే గౌరవం ఉంది గానీ ఒకచోట మీతో పేచీ. అందరి చిట్టాలూ ఒకే తక్కెడలో వేసి తూచేస్తే కుర్రవాడికి ఎవరైనా ఒకటే అనిపిస్తుంది. ప్రసంగం వేరు, ఓటు వేరు. నిరుడు రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోసం ట్రంప్ మీద నిలబడ్డ డిశాంటిస్, కాంగ్రెస్‌లో ఉన్నప్పుడు, వయసును డెబ్బైకి తీసుకువెళ్లే బడ్జెట్ తీర్మానాలకు వరుసగా ఓటు వేశారు. అవి చట్టాలు కావు, నిజమే, కానీ చేయి ఎత్తిన లెక్క ఉంది. నిరుడు ట్రంప్ పక్షం దాన్నే ప్రకటనల్లో వాడుకుంది. ఈ పన్నులో కొంత ఎవరికి వారు సొంత పెట్టుబడి ఖాతాల్లో పెట్టుకునే సంగతి బుష్ 2000 ప్రచారంలోనే చెప్పారు, 2005లో నిజంగానే ఎత్తుకున్నారు, కాంగ్రెస్‌లో ముందుకు కదలలేదు. ఒబామా 2013 బడ్జెట్‌లో ధరల సూచీని మార్చి ఏటా పింఛను పెంపు కొంచెం తగ్గేలా పెడితే, సొంత పార్టీవాళ్లే గొడవ చేసి మరుసటి ఏడు తీయించారు.

నా మాట ఏమిటంటే, పాత కాగితం తీసి చూపించేవాళ్లు ఉండబట్టే వీళ్లు వెనక్కి తగ్గుతారు. 2020 బైడెన్ పింఛను పెంచుతానన్నారంటే అందులో శాండర్స్ పోరు పాలు లేదంటారా? మన ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఎన్నికలకు ముందు జగన్, అధికారంలోకి వస్తే వారం రోజుల్లో సీపీఎస్ (ఉద్యోగుల వాటాతో నడిచే పింఛను పథకం) రద్దు అన్నారు. 2023లో దాని బదులు జీపీఎస్ అనే ఇంకో పింఛను పథకం వచ్చింది. మా వదిన టీచరు, ఆ పాత వీడియో ఇప్పటికీ ఫోనులో దాచుకుంది. అది ఊరికే దాచుకోలేదు.


ఎడిసన్ నుంచి:

మీ వదిన గారిది సరైన పనే. నేను చిట్టా వద్దనలేదు, దాని పక్కన పుట్టిన సంవత్సరం కూడా రాసుకోమన్నాను. ఒబామా సంగతి మరిచిపోయాను, గుర్తు చేశారు.


ఇర్వింగ్ నుంచి:

అందరికీ ధన్యవాదాలు. విరాళం లింకు తీసేశాను. లైసెన్సు వచ్చే వారం, ఆ గడి గుర్తుంచుకుంటాను. బాబాయి గారూ, నాకు ఇరవై ఏడు.

అక్కా, నా క్రెడిట్లు చూద్దామని సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైటులో ఖాతా తెరిచాను. 2023 సంపాదన ఇంకా ఎక్కలేదు. కార్డు, పే స్లిప్ పక్కపక్కన పెట్టి చూస్తే పేరు తేడాగా ఉంది. కార్డులో పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరు చివర ఉంది. పే స్లిప్‌లో ఇంటిపేరు ముందుకు వచ్చి, నా పేరులోని రెండు ముక్కలూ కలిసిపోయాయి. చేరిన రోజు ఫారంలో నేనే మన పద్ధతిలో రాసినట్టున్నాను. దీనితో ఏమైనా ఇబ్బందా?


ఫ్రీమాంట్ నుంచి:

నిరుటి సంపాదన ఇంకా ఎక్కకపోవడానికి కంగారు పడకు, మార్చిలో అది మామూలే. పేరు సంగతికి మాత్రం కంగారు పడు. నంబరూ పేరూ కలవకపోతే ఆ జీతం నీ ఖాతాలో పడకుండా, ఎవరిదో తేలని జీతాల పద్దులోకి వెళ్లిపోవచ్చు. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు ఇది తరచూ జరిగేదే. కార్డు సరిగ్గా ఉంది కాబట్టి దాన్ని కదిలించకు. జీతాలు చూసేవాళ్లకు కార్డు చూపించి, కార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా మార్చమను. జనవరిలో ఇచ్చిన డబ్ల్యూ-2, అంటే ఏడాది జీతం, కోసిన పన్నుల పత్రం, తీసి చూడు. అందులోనూ తిరగబడి ఉంటే డబ్ల్యూ-2సీ అని సవరణ పత్రం అడుగు.

పన్ను రిటర్ను వేసేశావా?


ఇర్వింగ్ నుంచి:

ఇంకా లేదక్కా. డబ్ల్యూ-2లోనూ అలాగే ఉంది. సోమవారం పొద్దున్నే కార్డు పట్టుకుని వెళ్తాను.