కోబాల్ ప్రోగ్రామింగ్ భాషలో డిఫాల్ట్ కరెన్సీ గుర్తు కంపైలర్ ఆప్షన్‌తో మార్చినవాళ్లు ఉన్నారా?

బ్యాచ్‌బండి:
మా రిపోర్టు ప్రోగ్రాములన్నీ డాలర్ గుర్తుతో ఉన్నాయి, ఇప్పుడు యూరో కావాలంటున్నారు. ఒక్కో సోర్సూ తెరిచి స్పెషల్ నేమ్స్‌లో (సోర్సు మొదట్లో గుర్తుల సెట్టింగులు రాసే చోట) క్లాజు రాసే ఓపిక లేదు. ఎంటర్‌ప్రైజ్ కోబాల్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో సోర్సును మెషీన్ కోడ్‌గా మార్చే కంపైలర్) కరెన్సీ ఆప్షన్ ఒక్కటి ఇస్తే సరిపోతుందా? లిస్టింగ్‌లో (కంపైలర్ ఇచ్చే రిపోర్టులో) అది కనిపిస్తుందా? పాత ఫైళ్ల సంగతేంటి?

కాలమ్72:
సరిపోదండీ. ఆప్షన్‌లో ఏ గుర్తు ఇస్తే పిక్చర్‌లోనూ (ఫీల్డు ఎలా అచ్చవ్వాలో చెప్పే నమూనాలో) అదే రాయాలి, అంటే ఎలాగూ సోర్సు తెరవాల్సిందే. తెరిచాక కరెన్సీ సైన్ క్లాజే రాసేయండి. పిక్చర్ సింబల్‌గా $ ఉంచేసి, అచ్చయ్యే గుర్తును మాత్రం మార్చుకోవచ్చు. కింద పిక్చర్లు ముట్టుకోనక్కర్లేదు.

జాబ్‌కార్డ్:
క్లాజు ఉంటే ఆప్షన్‌ను కంపైలర్ అసలు పట్టించుకోదు! మా సైట్ మొత్తానికీ ఆప్షన్ పెట్టారు, ఒక ప్రోగ్రాంలో మాత్రం పాత క్లాజు ఎవరో వదిలేశారు. నెలాఖరు రిపోర్టులో అదొక్కటే వేరే గుర్తుతో వచ్చింది, ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

స్పూల్‌రాజు:
యూరో నోట్లు 2002లో వచ్చినప్పుడే ఈ పని చేసినవాణ్ణి నేను. ఆప్షన్‌లో హెక్స్ 9ఎఫ్ ఇవ్వండి, అంతే. ఇంత చర్చ దేనికి?

కాలమ్72:
రాజుగారూ, 9ఎఫ్ యూరో అయ్యేది కోడ్‌పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టీ) 1140లో. 037లో అదే బైటు ¤.

స్పూల్‌రాజు:
అది టెర్మినల్ సెట్టింగు, కంపైలర్‌కేం సంబంధం? కొత్తవాళ్లను భయపెట్టకండి.

కాలమ్72:
భయపెట్టడం కాదు, కాగితం మీద ¤ పడితే తిట్లు తినేది ఆ కొత్తవాళ్లే. 285 కోడ్‌పేజీ చూడండి, 037లో డాలర్ అయిన 5బి అక్కడ £, డాలర్ 4ఎలో ఉంటుంది. 037లో రాసిన సోర్సును 285 స్క్రీన్‌లో తెరిస్తే పిక్చర్‌లో డాలర్ల చోట పౌండ్లు కనిపిస్తాయి, కంపైల్ మాత్రం శుభ్రంగా అవుతుంది. పాపం ఎవరో సరిచేద్దామని డాలర్ కొడితే 4ఎ పడుతుంది, కంపైలర్ అప్పుడు అరుస్తుంది. ఇది మీరు చూడలేదంటే ఒకే కోడ్‌పేజీలో బతికారన్నమాట.

స్పూల్‌రాజు:
మాటలు జాగ్రత్త.

డంప్‌చూపు:
మీ గొడవలో అసలు ప్రమాదం వదిలేశారు. ఆప్షన్ ఒక్క అక్షరమే తీసుకుంటుంది. క్లాజులో ‘ఈయూఆర్’ లాంటి మూడక్షరాల గుర్తు ఇవ్వొచ్చు, కానీ పిక్చర్‌లో మొదటి $ మూడు బైట్లు తింటుంది, మిగతావి ఒక్కోటే. $$,$$9.99 తొమ్మిది బైట్ల నుంచి పదకొండు అవుతుంది. ఆ ఫీల్డు ఫైలు రికార్డులో ఉంటే పొడవు కలవక ఓపెన్ దగ్గరే స్టేటస్ 39 (ఫైలు వివరాలు కలవలేదనే ఎర్రర్). పాత ఫైళ్ల గురించి అడిగారు కదా, ఇదీ సంగతి.

జాబ్‌కార్డ్:
యూరో అడిగినవాళ్లు రేపు దశాంశానికి కామా అడుగుతారు, రాసి పెట్టుకోండి. డెసిమల్ పాయింట్ ఈజ్ కామా పెట్టగానే పిక్చర్లే కాదు, వాల్యూల్లో ఉన్న 1.5 కూడా 1,5గా మార్చాలి.

బ్యాచ్‌బండి:
కామా నేను అడగలేదు బాబూ. లిస్టింగ్ గురించి అడిగాను.

డంప్‌చూపు:
లిస్టింగ్ మొదట్లో అమల్లో ఉన్న ఆప్షన్ల పట్టీ వస్తుంది. అక్కడ నోకరెన్సీ అని ఉంటే మీ ఆప్షన్ అందలేదు, కంపైల్ జేసీఎల్‌లో (జాబును నడిపే ఆదేశాల్లో) పారమ్, అంటే కంపైలర్‌కి ఆప్షన్లు ఇచ్చే చోటు, చూసుకోండి. కరెన్సీ అని ఉన్నా గుర్తు మారకపోతే సోర్సులో క్లాజు కోసం వెతకండి.