టోపీ మీద హెచ్.ఎం.ఐ.ఎస్. అని ఉంటే ఏ కాలపు నేవీ?

కృష్ణలంక కుర్రాడు: మా తాతయ్య ఫొటో పెట్టాను, చూడండి. వెనక పెన్సిల్‌తో ‘బెజవాడ’ అని ఉంది, సంవత్సరం లేదు. తెల్ల యూనిఫాం, భుజాల మీదుగా నలుచదరంగా పరిచిన ముదురు కాలరు, అంచున మూడు తెల్ల గీతలు. టోపీ రిబ్బను మీద హెచ్.ఎం.ఐ.ఎస్. అని మాత్రమే ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటిదేనా?

మాజీ నావికుడు: ముమ్మాటికీ. హెచ్.ఎం.ఐ.ఎస్. అంటే ‘హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్’. అది రాయల్ ఇండియన్ నేవీ, బ్రిటిష్ కాలపు మన నౌకాదళం. 1950 జనవరి 26 నుంచి అది ఐ.ఎన్.ఎస్., అంటే ‘ఇండియన్ నేవల్ షిప్’ అయింది. ఓడ పేరు శత్రువుకు తెలియకూడదని యుద్ధంలో రిబ్బను మీద నుంచి తీసేశారు.

బ్రాడీపేట మాస్టారు: అంత తేలిగ్గా తేల్చేయకండి. స్టూడియోల్లో బట్టలు అద్దెకిచ్చేవారు. మా నాన్నగారి పెళ్లి ఫొటోలో సూటు స్టూడియో వాడిదే. ఇక ఆ మూడు గీతలు బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ గెలిచిన మూడు యుద్ధాలకు గుర్తు, తెలుసా?

మాజీ నావికుడు: అది కట్టుకథ మాస్టారూ. ఎడమ చేతి మీద లంగరు చూడండి. లీడింగ్ సీమన్ హోదా అది. అద్దె చొక్కాకి హోదా కుట్టిస్తారా?

మాస్టారు: ఎందుకు కుట్టించరు? నైలు, కోపెన్‌హాగెన్, ట్రఫాల్గర్. లెక్క సరిపోయిందిగా!

ఒంగోలు గిత్త: ఫొటో ఇంకాస్త పెద్దది పెట్టండి బాబూ.

మాజీ నావికుడు: నెల్సన్‌ని వదలండి సార్. మా నాన్న 1946 ఫిబ్రవరిలో బొంబాయి తల్వార్‌లో సమ్మె చేసినవాడు. తల్వార్ ఓడ కాదు, ఒడ్డున ఉన్న సిగ్నల్ స్కూలు. ఉద్యోగం ఊడింది. స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్‌కి వెళ్తే ‘కాగితం ఏదీ?’ అన్నారు. మీలాగే, చూసిందీ నమ్మరు!

మాస్టారు: మీ పెన్షన్ రాకపోతే నా తప్పా?

అరండల్‌పేట అత్త: ఒరేయ్ అబ్బాయ్, ఇదే ఫొటో మా బీరువాలోనూ ఉంది. అది మీ తాత కాదు, మా నాన్న. మీ తాత ఓడ ఎక్కడం కాదు, కృష్ణలో పడవ ఎక్కినా వాంతి చేసుకునేవాడు.

కుర్రాడు: అత్తయ్యా, ఇక్కడ వద్దు.

అత్త: ఎందుకు వద్దు? మాజీ సైనికుల కోటాలో రెండెకరాలు వచ్చింది ఎవరి నౌకరీకి? నాన్న ఊళ్లో లేడని మీ తాత తన పేరున రాయించుకున్నాడు. ఇప్పుడు ఫొటో కూడా ఆయనదేనా?

మాస్టారు: చూశారా, అప్పుడే చెప్పాను, అంత తేలిగ్గా తేల్చకండి అని.

మాజీ నావికుడు: అమ్మా, యూనిఫాం కాలం చెబుతుంది గానీ మనిషిని చెప్పదు. సర్వీస్ రికార్డు తెప్పించండి. ఎత్తు, పుట్టుమచ్చలు రాసి ఉంటాయి.

అత్త: నాన్నకి గడ్డం కింద గాటు ఉండేది. తెప్పించరా, చూద్దాం.

కుర్రాడు: తెప్పిద్దాం అత్తయ్యా. కానీ పొలానికి అడ్వాన్సు తీసేసుకున్నాం. వచ్చే వారం రిజిస్ట్రేషన్.