ట్రైలర్ వెనక భాగం ఊగుతోంది, బరువు ఎలా సర్దుకోవాలి?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. పాత ట్రావెల్ ట్రైలర్ (పికప్ ట్రక్కు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) ఒకటి కొని, అమ్మానాన్నలతోనూ పిల్లలిద్దరితోనూ కలిసి ఆరుగురం తొలిసారి పాలో డ్యూరో కాన్యన్‌కు బయలుదేరాము. 287 హైవే మీద విచిటా ఫాల్స్ దాటిన తరువాత ఒక భారీ లారీ మమ్మల్ని దాటుకొని పోగానే ట్రైలర్ వెనక భాగం అటూ ఇటూ ఊగసాగింది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశాక కొంతసేపటికి సర్దుకుంది. పికప్ 9,000 పౌండ్లు లాగుతుందని అమ్మినవారు చెప్పారు. ట్రక్ స్టాపులో స్ప్రింగ్ బార్లు (పికప్ వెనక పడే బరువును ముందుకు పంచే కడ్డీలు) విప్పి కాటా వేయిస్తే పికప్ ముందు ఇరుసు 3,060, వెనక ఇరుసు 3,720, ట్రైలర్ ఇరుసులు 5,760 పౌండ్లు తూగాయి. ట్రైలర్ లేకుండా, మనుషులతో సహా పికప్ ఒక్కటే 6,240 వచ్చింది. ట్రైలర్ వెనక బంపరు మీద నాలుగు సైకిళ్లు, వెనక మంచం కింద నిండుగా 40 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు ఉన్నాయి. లోపం ఎక్కడ ఉన్నట్టు?

జవాబు (శాన్ ఆంటోనియో)

మీ తూకం చీటీలోనే ఉందండి. ట్రైలర్ తగిలించాక పికప్ మీద పెరిగింది 540 పౌండ్లు. ట్రైలర్‌ను పికప్‌కు తగిలించే కొక్కెం హిచ్, దాని గుండు హిచ్ బాల్. ఆ బాల్ మీద పడే బరువు, అంటే టంగ్ వెయిట్, అదే. ట్రైలర్ మొత్తం 6,300 కనుక అది తొమ్మిది శాతం కూడా లేదు. ఈ తరహా ట్రైలర్లకు 10 నుంచి 15 శాతం ఉండాలి, తగ్గితే ఇలాగే వెనక భాగం ఊగుతుంది. నేనైతే 12కు తగ్గనివ్వను. సైకిళ్లు, స్టాండు కలిపి 160 పౌండ్లనీ, అవి ట్రైలర్ ఇరుసులకు 12 అడుగుల వెనకా, హిచ్ బాల్ 16 అడుగుల ముందూ ఉన్నాయనీ అనుకుంటే, అవి బాల్ మీద నుంచి 120 పౌండ్లను ఎత్తేస్తున్నట్టే. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, ట్యాంకు ఐదడుగుల వెనక ఉంటే ఇంకో వంద పోయినట్టు. స్ప్రింగ్ బార్లు బరువును ముందు ఇరుసుకు తిరిగి పంచుతాయి గానీ, ట్రైలర్ లోపలి సర్దుబాటులోని తప్పును దిద్దలేవు. మళ్లీ ఊగితే స్టీరింగును తిన్నగా పట్టుకొని, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, పికప్‌లో ఉండే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ మీట నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయండి. పికప్ బ్రేకు గట్టిగా తొక్కవద్దు.

జవాబు (ఆస్టిన్)

మా ఊళ్లో ఎడ్లబండికి వెనక బరువెక్కువైతే నొగ పైకి లేచి, పలుపుతాళ్లు ఎద్దుల మెడకు బిగుసుకునేవి. బండి తోలే ప్రతివాడికీ ఇది తెలుసు. ఇక్కడ సైకిళ్ల స్టాండు అమ్మేవారు మాత్రం చెప్పరు!

జవాబు (హూస్టన్)

పై సలహా సరైనదే గానీ, ముందుకు సర్దిన కొద్దీ పికప్ మీద భారం పెరుగుతుంది. డ్రైవర్ తలుపు చట్రం మీద ఉన్న స్టిక్కరులో మనుషులు, సామాను కలిపి ఎంత మించకూడదో రాసి ఉంటుంది. టంగ్ వెయిట్, హిచ్ బరువు రెండూ ఆ లెక్కలోకే వస్తాయి. 9,000 అన్న అంకె కన్నా ముందు ఇదే నిండిపోతుంది. దాన్ని తప్పించుకోవడానికి టంగ్ వెయిట్ తగ్గించడం మాత్రం అన్నిటికన్నా ప్రమాదకరమైన పని.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. సైకిళ్లను లోపల ఇరుసుల మీదుగా పడుకోబెట్టి కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి మళ్లీ తూచాను. టంగ్ వెయిట్ 760, ట్రైలర్ 5,970. అంటే దాదాపు 13 శాతం. హూస్టన్ వారు చెప్పినట్టే అయింది. స్టిక్కరు మీద 1,520 ఉంటే, ఆరుగురం 780, హిచ్ 80, టంగ్ వెయిట్ 760 కలిపి 1,620 అయ్యాయి. అందువల్ల తిరుగు ప్రయాణంలో అమ్మానాన్నలను అక్కడికే వచ్చిన మా బావగారి కారులో ఎక్కించాను. వెనక అరలో అమ్మ పెట్టిన గ్రైండరు కూడా వాళ్లతోనే వెళ్లింది. 287 మీద లారీలు దాటినప్పుడు గాలి తోపు తెలిసింది గానీ, ట్రైలర్ ఊగలేదు.