సాఫ్ట్‌వేర్ మారుస్తున్నాం, డేటా ఎంట్రీ హైదరాబాద్‌కి ఇస్తున్నాం: జనవరి లోపు ఏది ముందు?

డల్లాస్_ఈఏ:

అమెరికాలో డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో చిన్న ట్యాక్స్ ఆఫీసు. 340 దాకా 1040లు (వ్యక్తుల పన్ను రిటర్నులు), 25 ఎస్-కార్పులు (చిన్న కంపెనీలు). క్లయింట్లలో మూడొంతులు మనవాళ్లే: హెచ్-1బి, హెచ్-4, ఓపీటీ పిల్లలు, ఇండియాలో ఎన్ఆర్ఈ డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు. ఈసారి రెండు మార్పులు ఒకేసారి వచ్చి పడ్డాయి. ప్రోసిరీస్ వదిలి డ్రేక్‌కి మారుతున్నాం. డేటా ఎంట్రీకి హైదరాబాద్‌లో ఇద్దరిని పెట్టుకుంటున్నాం. వాళ్లు ఇక్కడి కంప్యూటర్లోకి రిమోట్‌గా లాగిన్ అయి పని చేస్తారు, ఫైలంటూ ఏదీ అక్కడికి పోదు.

ఫైలు పోనప్పుడు కూడా 7216 కన్సెంట్ (క్లయింటు సమాచారం ఇంకొకరికి చూపే ముందు పన్ను చట్టం సెక్షన్ 7216 కింద తీసుకునే అనుమతి) కావాలా? ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో ఒక లైను రాస్తే సరిపోదా? కన్వర్షన్ (నిరుటి డేటా కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చడం) అయ్యాక చేత్తో సరిచూడాల్సినవి ఏవి? నిరుడు పేర్ల దగ్గర ఈ-ఫైల్ రిజెక్టులు బాగా వచ్చాయి, అదెలా ఆపాలి? విస్ప్ (క్లయింట్ల డేటా భద్రతకి రాసుకునే ప్లాను) కూడా పాతబడిపోయింది. చేతిలో ఉన్నది ఒక్క డిసెంబరే.

ఎడిసన్_రెడ్‌పెన్:

ముందు కన్సెంట్. మిగతావి ఆలస్యమైతే సీజన్ ఇబ్బందిగా నడుస్తుంది, అంతే. ఇది ఆలస్యమైతే హైదరాబాద్ వాళ్లు ఒక్క ఫైలు కూడా తెరవడానికి లేదు.

ఫైలు పోలేదన్న మాట ఇక్కడ చెల్లదండీ. క్లయింటు సమాచారం ఇంకొకరికి ఏ విధంగా తెలిసినా అది డిస్‌క్లోజరే. హైదరాబాద్‌లో స్క్రీన్ మీద డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం పత్రం) కనబడిందంటే చెప్పినట్టే లెక్క. వాళ్లు మీ జీతం మీద ఉన్నా, కాంట్రాక్టు కంపెనీ మనుషులైనా తేడా లేదు. అమెరికా బయట ఉన్నవాళ్లు చూడబోతున్నారంటే సంతకం ముందే పడి ఉండాలి. పనంతా అయ్యాక 8879 ఫారంతో (ఈ-ఫైల్‌కి క్లయింటు ఒప్పుకోలు సంతకం) కలిపి పెట్టించుకునే అలవాటు కొన్ని ఆఫీసుల్లో ఉంది, అది చెల్లదు.

1040 క్లయింట్లకి ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో లైను చాలదు. కన్సెంట్ విడి పత్రంగా ఉండాలి. కాగితం మీదైతే లెటర్ సైజు పేజీ, 12 పాయింట్ అక్షరం. మీ పేరు, క్లయింటు పేరు, సమాచారం అందుకునేవాళ్ల పేరు, ఏ సమాచారం, దేనికోసం, సంతకం, తేదీ ఉండాలి. వీటికి తోడు రెవెన్యూ ప్రొసీజర్ 2013-14లో ఇచ్చిన తప్పనిసరి పేరాలు ఉన్నవి ఉన్నట్టు దించాలి, సొంత మాటల్లో రాయకూడదు. ఎంతకాలమో రాయకపోతే సంతకం పెట్టిన రోజు నుంచి ఏడాదికి అది ముగుస్తుంది. అక్టోబరు దాకా సాగే ఎక్స్‌టెన్షన్ ఫైళ్లుంటాయి కాబట్టి గడువు తేదీ రాసేయండి. జాయింట్ అయితే ఇద్దరి చేతా పెట్టించండి. ఎస్-కార్పులకి మాత్రం ఈ రూపం నిబంధనలు లేవు, లెటర్‌లోనే కలపొచ్చు.

అందరూ మరిచేది ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు). రెండు వైపులా నిబంధన అడిగిన స్థాయిలో డేటా రక్షణ ఉండి, ఆ సంగతి కన్సెంట్‌లో రాసి ఉంటే తప్ప, కన్సెంట్ ఉన్నా ఎస్ఎస్ఎన్ బయటి దేశానికి చూపించకూడదు. అందుకని తేలిక దారి ఏమిటంటే పేరు, ఎస్ఎస్ఎన్, బ్యాంకు నంబరు ఉండే తెర ఇక్కడే నింపి, ఆ యూజర్లకి నంబరు కనబడకుండా సెట్ చేయడం. సాఫ్ట్‌వేర్ తెరమీద దాచినా పీడీఎఫ్‌లలో కనబడుతూనే ఉంటుంది. నిరుటి రిటర్న్ కాపీ, ఐఆర్ఎస్ నోటీసులు నల్లగా కొట్టేశాకే ఫోల్డర్లో పెట్టాలి.

తప్పితే 7216 కింద క్రిమినల్ కేసు: ఏడాది వరకు జైలు, 1,000 డాలర్ల వరకు జరిమానా. 6713 కింద విడిగా ఒక్కో డిస్‌క్లోజర్‌కి 250 డాలర్లు, ఏడాదికి మామూలుగా 10,000 దాకా.

ఫోర్ట్‌వర్త్_27న్నర:

కన్వర్షన్ గురించి. 340 రిటర్నులూ తెరిచి చూసే టైము ఎవరికీ ఉండదు. చిక్కుముళ్లు ఉన్న 20 ఏరండి: అద్దె ఇళ్లు, రెండు మూడు రాష్ట్రాలు, కె-1లు, ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్, బ్యాక్‌డోర్ రాత్. నిరుటి పీడీఎఫ్ ఒక తెర మీద, కొత్త సాఫ్ట్‌వేర్ క్యారీఓవర్ షీటు (పాత ఏళ్ల నుంచి మోసుకొచ్చే అంకెలు) ఇంకో తెర మీద పెట్టి అంకె అంకె పోల్చండి. ఒకే రకం తప్పు మూడు ఫైళ్లలో కనబడిందంటే ఆ రకం ఫైళ్లన్నీ చూడాల్సిందే.

డిప్రిసియేషన్‌లో ఫెడరల్ కాలమ్ సరిగ్గానే వచ్చి ఏఎంటీ (ప్రత్యామ్నాయ కనీస పన్ను), రాష్ట్రం కాలమ్‌లు ఖాళీగా రావడం మామూలు. మెథడ్ కోడ్ పోల్చుకోలేక వేరే కోడ్ వేసుకోవడమూ ఉంటుంది. పరీక్ష సులువే: భూమి విలువ తీసేశాక ఇల్లు 3,00,000 డాలర్లయితే 27.5 ఏళ్లతో భాగించండి, పూర్తి ఏడాదికి 10,909 రావాలి. దానికి ఒకటి రెండు డాలర్లు అటూ ఇటూ కాక వేరే అంకె కనబడితే మెథడ్ గానీ, మొదలైన తేదీ గానీ, భూమి విలువ గానీ చెడిందన్నమాట.

ఆగిపోయిన ప్యాసివ్ నష్టాలు (ఆ ఏడాది వాడుకోలేక మిగిలిన అద్దె నష్టాల్లాంటివి) మీ క్లయింట్లకి మరీ ముఖ్యం. సవరించిన ఆదాయం 1,50,000 దాటితే అద్దె నష్టానికి ఉన్న 25,000 డాలర్ల అలవెన్సు సున్నా అవుతుంది. ఐటీ జంటలందరూ ఆ గీత పైనే కాబట్టి అద్దె నష్టాలు ఏళ్ల తరబడి పేరుకుంటాయి. కన్వర్షన్‌లో మొత్తం అంకె వచ్చి, ఏ ఇంటిది ఎంతో పోవడం కద్దు. అప్పటికి ఏమీ తెలియదు. మూడేళ్ల తర్వాత ఒక ఇల్లు అమ్మినప్పుడు ఆ నష్టం విడుదల కాక క్లయింటు ఊరికే పన్ను కడతాడు.

ఇవి కాక: క్యాపిటల్ లాస్‌లో షార్ట్, లాంగ్ వాటా. 8606లో ఐఆర్ఏ (రిటైర్మెంట్ ఖాతా) బేసిస్, భార్యకి విడిగా భర్తకి విడిగా. 1116లో ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ క్యారీఓవర్ పదేళ్ల దాకా వస్తుంది కాబట్టి ఏడాదివారీ, కేటగిరీవారీ. ఎస్-కార్ప్ ఓనర్లకి 7203లో స్టాక్ బేసిస్. కాలిఫోర్నియా, న్యూజెర్సీ రిటర్నులైతే అక్కడ హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) మినహాయింపు లేదు కాబట్టి ఆ మొత్తాన్ని రాష్ట్రం ఆదాయంలో తిరిగి కలపడం వస్తోందో లేదో చూడండి. 8621 (విదేశీ మ్యూచువల్ ఫండ్ల ఫారం) వివరాలు వస్తాయని ఆశ పెట్టుకోవద్దు, ఎక్సెల్ షీటు దాచుకోవాలి. బ్యాంకు ఖాతా నంబర్లు వచ్చినా నమ్మకుండా ప్రతివాళ్లనీ మళ్లీ అడగండి. 2025 సెప్టెంబరు 30 నుంచి రీఫండ్ కాగితపు చెక్కులు తగ్గించేస్తున్నారు, తప్పు నంబరుంటే రీఫండ్ ఇరుక్కుంటుంది.

పాత సాఫ్ట్‌వేర్ తీసేయకండి. నిరుటి రిటర్నులకి 1040-ఎక్స్ (సవరణ రిటర్న్) వేయాల్సి వస్తే అందులోంచి వేయడమే తేలిక.

ఈఎఫ్ఐఎన్ (ఈ-ఫైల్ చేయడానికి ఐఆర్ఎస్ ఇచ్చే నంబరు) మీదే కాబట్టి సాఫ్ట్‌వేర్ మారినా అది మారదు. కొత్త కంపెనీ ఐఆర్ఎస్ ఈ-సర్వీసెస్‌లోని అప్లికేషన్ సమ్మరీ అడుగుతుంది, అది మామూలే. కానీ సరిగ్గా ఇదే సీజన్లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు పెట్టుకుని ఈఎఫ్ఐఎన్ పత్రాలు పంపమని దొంగ మెయిళ్లొస్తాయి. మెయిల్లోని లింకు నొక్కకుండా వాళ్ల సైటులోకి మీరే లాగిన్ అయి అప్‌లోడ్ చేయండి. సీజన్లో వారానికోసారి ఈ-సర్వీసెస్‌లో మీ ఈఎఫ్ఐఎన్ మీద ఎన్ని రిటర్నులు పోయాయో చూసి మీ లెక్కతో సరిపోల్చండి.

కూకట్‌పల్లి_రివ్యూయర్:

పేర్ల రిజెక్టు అంటే ఆర్0000-500-01 అయి ఉంటుంది. ఎస్ఎస్ఎన్‌కీ నేమ్ కంట్రోల్‌కీ పొత్తు కుదరలేదని దానర్థం. నేమ్ కంట్రోల్ అంటే లాస్ట్ నేమ్‌లో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు. మనవాళ్లకి ఇంటిపేరు ముందుంటుంది. డబ్ల్యూ-2లో ఒక వరస, బ్యాంకులో ఇంకో వరస. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లకి వీసా మీద అసలు పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, గివెన్ నేమ్ చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి చెప్పనివాళ్లు ఇంకో రకం. డబ్ల్యూ-2 చూసి టైపు చేయొద్దు. ఎస్ఎస్ఎన్ కార్డు ఫోటో తెప్పించుకుని అందులో ఉన్నట్టే కొట్టండి. పోయినసారి రిజెక్టయిన వాళ్ల జాబితా తీసి వాళ్లని ఇప్పుడే అడగండి.

ఐపీ పిన్ (వేరేవాళ్లు మన పేరుతో రిటర్న్ వేయకుండా ఐఆర్ఎస్ ఇచ్చే నంబరు) ఉన్నవాళ్లకి ఆ ఆరంకెలు ఏటా మారతాయి, నిరుటిది పనికిరాదు. నోటీసు పాత చిరునామాకి పోయి ఉంటుంది. ఇల్లు మారారా అని ఇన్‌టేక్‌లో మొదటి ప్రశ్నగా పెట్టండి.

8879 రిమోట్‌గా ఈ-సంతకం చేయించాలంటే కేబీఏ (మనిషిని గుర్తించే) ప్రశ్నలు తప్పవు. అవి క్రెడిట్ చరిత్రలోంచి వస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లకీ, హెచ్-4 భార్యలకీ ఆ చరిత్రే ఉండదు, మూడుసార్లు తప్పి ఆగిపోతుంది. అది ఏప్రిల్ 14 రాత్రి తెలిస్తే గొడవ. వాళ్ల పేర్ల పక్కన ముందే గుర్తు పెట్టి, ప్రింటు తీసి పెన్నుతో సంతకం చేసి స్కాన్ పంపమనండి.

ఓపీటీ పిల్లల ఫైలులో ఐ-94 (అమెరికా రాకపోకల) చరిత్ర లేకుండా డేటా ఎంట్రీ మొదలెట్టొద్దు. ఎఫ్-1 మీద ఐదు క్యాలెండర్ సంవత్సరాల దాకా వాళ్ల రోజులు పన్ను రెసిడెంటా కాదా అన్న లెక్కకు రావు. ఓపీటీ కూడా ఎఫ్-1నే. డిసెంబరు 30న దిగినా ఆ ఏడాది ఒకటి అయినట్టే. వీళ్లకి సాధారణంగా 1040-ఎన్ఆర్ (నాన్‌రెసిడెంట్ రిటర్న్), 8843. ఇండియా ఒప్పందం ఆర్టికల్ 21(2) వల్ల మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, 2025కి అది 15,750. కంపెనీ పొరపాటున ఎఫ్ఐసీఏ (సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను) కోసి ఉంటే ముందు కంపెనీనే తిరిగి ఇవ్వమనాలి, ఇవ్వకపోతే ఐఆర్ఎస్‌కి 843, 8316 ఫారాలు. కొత్త సాఫ్ట్‌వేర్ 1040-ఎన్ఆర్‌ని ఎంతవరకు ఈ-ఫైల్ చేస్తుందో ఇప్పుడే ఒక నమూనా రిటర్న్ చేసి చూడండి.

ఇండియా కాగితాలకి మాట సాయం: అక్కడి వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉంటుంది. మనకి జనవరి నుంచి డిసెంబరు కావాలి. బ్యాంకు స్టేట్‌మెంటే అడగండి. ఎన్ఆర్ఈ వడ్డీ అక్కడ పన్ను లేనిదైనా ఇక్కడ ఆదాయమే. నాన్నగారితో కలిసి ఉన్న ఖాతాలు కూడా ఎఫ్‌బార్‌లోకి (విదేశీ బ్యాంకు ఖాతాల రిపోర్టు) వస్తాయి. ఒక్కో ఖాతా ఏడాదిలో చేరిన గరిష్ఠం కూడితే 10,000 డాలర్లు దాటితే చాలు. 1040 అంగీకరించారని ఎఫ్‌బార్ పోయినట్టు కాదు, అది ఫిన్‌సెన్‌కి (అమెరికా ఆర్థిక నేరాల నిఘా సంస్థ) విడిగా పోతుంది, మీరు వేస్తే 114ఎ (క్లయింటు అనుమతి ఫారం) మీద సంతకం ఉండాలి. మ్యూచువల్ ఫండ్లకి ఫండుకొక 8621. పన్నెండు ఫండ్లలో సిప్‌లుంటే పన్నెండు ఫారాలు, ఫీజు ముందే చెప్పండి. ఏడాది చివర మొత్తం 25,000 లోపు, జాయింట్ అయితే 50,000 లోపు ఉంటే చిన్న మినహాయింపు ఉంది, కానీ లాభంతో రెడీమ్ చేసినా స్విచ్ చేసినా ఆ ఫండుకి అది వర్తించదు. "నేను అమ్మలేదండీ, స్కీమ్ మార్చానంతే" అనే మాట ప్రతి సీజన్లోనూ వినబడుతుంది.

పోర్టల్_తాళం:

విస్ప్ సంగతి. ఐఆర్ఎస్ పబ్లికేషన్ 5708లో నమూనా ఉంది, కానీ ఖాళీలు నింపి పక్కన పడేస్తే పని కాదు. మీ హైదరాబాద్ ఏర్పాటు అందులో రాయాలి: ఎవరికి ఏ లాగిన్, ఏ ఫోల్డర్, ఎవరు ఆపగలరు. పీటీఐఎన్ (రిటర్న్ తయారుచేసేవాళ్లకి ఐఆర్ఎస్ ఇచ్చే నంబరు) రెన్యూవల్లో డేటా భద్రత బాధ్యత తెలుసని టిక్కు పెడతారు కదా, డిసెంబరు 31తో పాత పీటీఐఎన్ ముగుస్తుంది, ఆ రెండూ ఒకే రోజు కానిచ్చేయండి.

5,000 మంది లోపు సమాచారం ఉన్న ఆఫీసులకి ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) డేటా భద్రత నిబంధనల్లో కొన్నిటి నుంచి మినహాయింపు ఉంది. రెండంచెల లాగిన్‌, ఎన్‌క్రిప్షన్ మాత్రం అందులో లేవు, అవి తప్పవు. ఇంకో లెక్క: ఎన్‌క్రిప్ట్ చేయని సమాచారం 500 మందిదో అంతకు మించో బయటికి పోతే 30 రోజుల్లో ఎఫ్‌టీసీకి చెప్పాలి. 340 రిటర్నులే కదా అనుకోవద్దు. జంటలు, పాత క్లయింట్లు కలిస్తే 500 ఎప్పుడో దాటి ఉంటారు.

రిమోట్ డెస్క్‌టాప్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టొద్దు, వీపీఎన్ వెనక ఉంచండి. క్లిప్‌బోర్డు, డ్రైవు, ప్రింటరు మళ్లింపు మూడూ ఆపేయండి. ఇవి తెరిచి ఉంటే ఫైలు అక్కడికి పోదన్న మీ మాట నిజం కాదు. ఇద్దరికీ కలిపి ఒకే లాగిన్ ఇవ్వొద్దు. వాట్సాప్‌లో డబ్ల్యూ-2 పంపే క్లయింటుకి ప్రతిసారీ పోర్టల్ లింకే జవాబుగా పంపండి, రెండోసారికి అలవాటు పడతారు.

నా మాట వింటే రెండు మార్పులూ పూర్తిగా ఒకే సీజన్లో వద్దు. ఫిబ్రవరి చివరిదాకా హైదరాబాద్‌కి డబ్ల్యూ-2, 1099-ఐఎన్‌టీ మాత్రమే ఉన్న 40 ఫైళ్లివ్వండి. కొత్త సాఫ్ట్‌వేర్ తప్పేదో, కొత్త మనుషుల తప్పేదో విడిగా తెలుస్తుంది.

డల్లాస్_ఈఏ:

బాగా ఉపయోగపడిందండీ. కన్సెంట్‌కి ఒప్పుకోనివాళ్లని వదులుకోవాలా? ఇద్దరికీ పీటీఐఎన్ తీయించాలా?

ఎడిసన్_రెడ్‌పెన్:

తయారీలో సాయపడే ఇంకో ప్రిపేరర్‌కి ఇవ్వడం కోసమైతే, కన్సెంట్ ఇస్తేనే పని చేస్తామనడానికి నిబంధన ఒప్పుకుంటుంది. కానీ పది పదిహేను మందికి మించి కాదనరు, వాళ్ల ఫోల్డర్లు హైదరాబాద్ లాగిన్లకి కనబడకుండా మూసేసి ఇక్కడే చేయండి. సంతకం ఇంకా రానివాళ్ల ఫోల్డర్లు కూడా అలాగే మూసి ఉండాలి, వచ్చాక తెరవాలి.

అంకెలు కొట్టడం వరకే అయితే పీటీఐఎన్ అక్కర్లేదు. ఏ ఫారం వేయాలో, ఏ క్రెడిట్ తీసుకోవాలో వాళ్లే తేల్చే స్థాయికి వస్తే కావాలి. ఎస్ఎస్ఎన్ లేని విదేశీయులు డబ్ల్యూ-12తో (పీటీఐఎన్ దరఖాస్తు) పాటు 8946 వేయాలి, దానికి గుర్తింపు పత్రాలు జతచేయాలి. ఈ సీజన్‌కి అందుతుందని పెట్టుకోకండి.